యెహోషువ మాస్టారి పిచ్ ఇన్

యెహోషువ మాస్టారికి ఇంగ్లీషు ఎంత వచ్చో దేవుడికెరుక. ఒక్క మాట మాత్రం పట్టుకుంటే వదలరు: పిచ్ ఇన్. అంటే, అడిగించుకోకుండా అందరూ తలో చెయ్యీ వెయ్యడం. మిషన్ బడిలో రిటైరయ్యాక గూడెం కొత్తవీధి చుట్టుపక్కల కనిపించినవాళ్ళందరికీ ఈ ఒక్క పాఠమే చెబుతూ తిరుగుతున్నారు.

ఘాట్‌రోడ్డు బురదలో జీపు దిగబడితే, "దిగండర్రా, పిచ్ ఇన్!" అన్నారు. అందరూ తోస్తుంటే తాను జీపులోంచి తల బయటపెట్టి, "చూశారా, మాటని వాడటం అంటే ఇదీ!" అని మురిసిపోయారు. ఊళ్ళో డాలీ అనే అమ్మాయి పెళ్ళిలో వడ్డన ఆలస్యమైతే, సాంబారు బకెట్టు పెళ్ళికొడుకు చేతికే ఇచ్చేశారు. పాపం, కొత్త సూటులోనే రెండు బంతులు వడ్డించాడు.

ఆ ఊళ్ళోనే చిన్న కాఫీతోట ఉన్న కనకకి ఆయనంటే నవ్వూ, చిరాకూను. చచ్చినా ఒకరిని సాయం అడిగే మనిషి కాదామె. అలాంటిది, సరిగ్గా కాఫీ పళ్ళు ఎర్రబడే వేళకి గెడ్డ దాటుతూ నీళ్ళలో జారిపడి కుడిచెయ్యి విరగ్గొట్టుకుంది. ఏడాది బతుకంతా ఆ పంటే. పళ్ళేమో రాలిపోతున్నాయి. ఎడంచేత్తో ఒక్కతే కోసుకుంటూ, దిగులుతో మధ్యమధ్య కళ్ళు తుడుచుకుంటోంది.

ఒకరోజు పొద్దున్నే ఆమె తోటలోకి సగం ఊరు దిగింది. ముందు మాస్టారు, వెనక బడిపిల్లలు, ఆ వెనక బుట్టలు పట్టుకుని పెద్దవాళ్ళు.

"ఏటి మాస్టారూ ఈ గోల? నానెవుల్నీ సాయం అడగనేదే!"

"సాయమా? భలేదానివే! ఇవాళ బడివాళ్ళు పిల్లల్ని నాకప్పగించారు, నా పాఠానికి ఉదాహరణ కావాలమ్మా. ఇదిగో ఈ తోటయితే నీడగా ఉంది. కాదనకు, నువ్వే నాకు సాయం చెయ్యాలి."

"ఎంతసేపేటి పాఠం?"

"చెట్ల మీద పళ్ళు అయిపోయేదాకా!"

ఇక కాదనడానికేముంది? బుట్టతో వచ్చినవాళ్ళలో బుధు పాటెత్తుకున్నాడు. చేతులు చకచకా ఆడాయి. మాస్టారు చెట్టు కింద నిలబడి, "ఐ పిచ్ ఇన్, యూ పిచ్ ఇన్" అని అరుస్తూనే ఉన్నారు. ఒక్క పండూ కోస్తే ఒట్టు.

సాయంత్రానికి పంటంతా వాకిట్లోకి చేరింది. అందరూ వెళ్ళాక కనక ఆయన్ని ఆపింది.

"మాస్టారూ, ఈయేళ రెండో శనివారం. బడికి సెలవు. పాఠం ఏటండీ మరి?"

మాస్టారు బుర్ర గోక్కున్నారు. "నువ్వు అడగవు కదమ్మా, అందుకని... సోమవారం మన ఊరి గాసి ఇంటికి పెంకులు నేయించాలి. వాడూ నీలాగే నోరు తెరిచి అడగడు. ఎవరితోనూ అనకు."

కనకకి నవ్వాగలేదు. ఎడంచెయ్యి ఎత్తి చూపించింది. "ఇది బాగానే ఉంది. నానూ ఒస్తాను. కానీ మాస్టారూ, ఈసారి మీరూ రెండు పెంకులు మొయ్యాలి."

"పిచ్ ఇన్ అంటే నేను కూడానా?" అంటూ యెహోషువ మాస్టారు చొక్కా చేతులు పైకి మడుచుకున్నారు.