మైకక్క చదవనన్న మాట

పాతికేళ్లుగా ఏ పార్టీ ప్రచార ఆటో తిరిగినా అందులో వినిపించేది మైకక్క గొంతే. ఈసారి రికార్డింగ్ గదిలో పెద్ద పార్టీ కార్యదర్శి ఇచ్చిన కాగితంలో మురుగుకాలువ సంగతి చదివి, "వలసొచ్చినవాళ్లను తరిమేద్దాం" అన్నచోట ఆగిపోయింది.

"ఇది చదవను తమ్ముడూ."

"నీ అభిప్రాయం ఎవరడిగారక్కా? గొంతు నీది, మాట మాది."

"కాలువకి మూతేస్తారని ఐదు ఎన్నికల్లో చదివాను. ఇంకా కంపు కొడుతూనే ఉంది. అబద్ధమైతే జనం నవ్వుకుని ఊరుకుంటారు. ఇది వింటే వలసొచ్చిన మా కిందింటి కుట్టుపని వదిన తలుపేసుకుని వణుకుతుంది."

"చదవకపోతే ఇంకెప్పుడూ పిలవం. మిగతా పార్టీలవాళ్లనీ పిలవనివ్వం."

"పిలవకండి."

ఆ సాయంత్రమే వీధి మలుపులో స్టూలెక్కి, మైకు లేకుండానే, ఆ మాట ఎవరు రాయించారో, తనెందుకు చదవలేదో వచ్చేపోయేవాళ్లందరికీ చెప్పింది.