పెండ్లి మెరవణికి రేసు క్లచ్చు

ఆ రోజుల్లో మా చింతామణిలో స్పోర్ట్స్ కారు ఉన్న మనిషిని నేనొక్కణ్ణే. ఈ మాట గొప్పకు చెప్పడం లేదు, నా కడుపుమంట మీకు అర్థం కావాలని చెబుతున్నాను. ఊరికంతా ఒకే ఒక్క స్పోర్ట్స్ కారు ఉన్నప్పుడు ఊళ్లోవాళ్లు ఏం చెయ్యాలి? మాటవరసకైనా "ఎంత స్పీడు పోతాదప్పా ఇది?" అని అడగాలి. మావాళ్లు అడగలేదు. "దీంట్లో టమోటా బాక్సులు ఎన్ని పడతాయప్పా?" అని అడిగారు. పైకప్పు వెనక్కి మడుచుకునే రెండు సీట్ల ఎర్ర కారది. బెంగళూరులో ఒకాయన వాడి వాడి విసుగొచ్చి అమ్ముతుంటే తెచ్చుకున్నాను. మా అవ్వ (నాయన తల్లి) దాని చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "మిగతా సగం యాడుండాది?" అంది. పన్నెండేళ్లయింది, ఆ మాట మీద నా కోపం ఇంకా చల్లారలేదు.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. పొద్దంతా నాయన హార్డ్‌వేర్ అంగట్లో కూర్చుని మేకులూ బోల్టులూ తూచి ఇవ్వడం నా పని. నాకేమో కార్ల గ్యారేజీ పెట్టాలని ఆశ. పేరేసంద్రలో హైవే పక్కన మాకొక ఖాళీ స్థలం ఉండేది. తెలిసినవాళ్లెవరో అందులో గడ్డివాము వేసుకునేవారు. ఆ స్థలం నాకిమ్మని రెండేళ్లు నాయన వెంట పడ్డాను. చివరికి ఒకరోజు ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, "బావ పెండ్లి మెరవణికి నీ కారే పెడదాం. వాణ్ణి కూర్చోబెట్టుకుని గుడి కాణ్ణుంచి ఛత్రం దాకా సక్కంగా తీసుకుపో. నీ పనితనం నలుగురూ చూడనీ. ఆమీట స్థలం సంగతి మాట్లాడదాం" అన్నాడు. బావ అంటే మా మేనత్త కొడుకు, మెరవణి అంటే పెండ్లికొడుకు ఊరేగింపు. పెండ్లి బాగేపల్లిలో. గుడికీ, ఛత్రానికీ (కల్యాణ మంటపాన్ని మేం అట్లే అంటాం) మధ్య అర కిలోమీటరు దూరం. అర కిలోమీటరు నడిపితే గ్యారేజీ నాది. ఇంత సులువైన పరీక్ష ఎవరికైనా దొరుకుతుందా అని మురిసిపోయాను.

కారు కడిగి ఊరుకుంటే సరిపోయేది. కానీ పాత క్లచ్చు ఎత్తు ఎక్కేటప్పుడు జారుతోంది, మార్చక తప్పదు. ఎట్లాగూ మారుస్తున్నాం కదా, మేలైనదే వేద్దామని నెలరోజులు ఫోనులో వీడియోలు చూసి, రేసుల్లో వాడే గట్టి క్లచ్చూ, తేలికపాటి ఫ్లైవీలూ బెంగళూరు నుంచి తెప్పించాను. ఫ్లైవీలంటే ఇంజను వెనకాల తిరిగే బరువైన ఇనప చక్రం. అది తేలికైతే యాక్సిలరేటరు మీద కాలు ఆనగానే ఇంజను ఎగిరి లేస్తుంది. రోజూ రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందా అని అంగడివాణ్ణి రెండుసార్లు అడిగాను. "స్ట్రీట్ డ్రైవింగ్‌కి పర్ఫెక్ట్ సార్" అన్నాడు. ఏ స్ట్రీటు? ఎవరి స్ట్రీటు? వాడి స్ట్రీటులో హంపులు లేవా? గొర్రెల మందలు రావా? నడిరోడ్డు మీద బండ్లు ఆపుకుని యోగక్షేమాలు మాట్లాడుకునేవాళ్లు లేరా? ఈ ప్రశ్నలన్నీ అప్పుడే అడగవలసింది, నాకు తర్వాత తోచాయి.

చిక్కబళ్లాపురంలో ఒక ముసలి మెకానిక్ ఉండేవాడు, అందరం ఆయన్ను గ్రీజప్ప అనేవాళ్లం. ఆయన కొత్త ఫ్లైవీలును ఒంటిచేత్తో ఎత్తి చూసి, పెదవి విరిచి, "దీన్ని యాల తెచ్చినావప్పా? మెల్లగా పోయేటప్పుడు బండిని ఆదుకునేది ఆ బరువే కదా" అన్నాడు. "మెల్లగా ఎవరు పోతారు గ్రీజప్పా?" అన్నాను నేను. (ఈ వాక్యం నా నోటి నుంచే వచ్చిందని ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.) ఆయన కొత్తవి బిగించాడు. బిగించి ఊరుకున్నాడా? లేదు. పాత ఫ్లైవీలును శుభ్రంగా తుడిచి, పాత క్లచ్చు ప్లేటుకు కొత్త లైనింగు కొట్టించి, రెండింటినీ నూనె గుడ్డలో మూట కట్టి అటక మీద పెట్టాడు. "పారెయ్యి గ్రీజప్పా, నాకింక వాటితో పనేముంది?" అన్నాను. "ఉండనీలే అప్పా" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. కారు ఇంకా షెడ్డు దాటనేలేదు, అప్పుడే నేను ఓడిపోయి తిరిగొస్తానని మూట కట్టి పెట్టుకున్నాడు ఈ మనిషి.

హైవే మీద కారు నిజంగానే దూసుకుపోయింది. పేరేసంద్ర మీదుగా బాగేపల్లికి పోతుంటే నా కాబోయే గ్యారేజీ అట్లా వచ్చి ఇట్లా వెళ్లిపోయింది. ఊళ్లోకి వచ్చాక అసలు సంగతి బయటపడింది. క్లచ్చు పెడలు రాయిలాగా ఉంది, పది నిమిషాలకే ఎడమకాలు వణికింది. నిదానంగా వదిలితే ఇంజను ఆగిపోతోంది, కొంచెం గట్టిగా వదిలితే కారు ముందుకు ఎగురుతోంది. మధ్యలో ఇంకో దారి లేదు. కొత్తది కదా, అలవాటైతే సర్దుకుంటుందిలే అనుకున్నాను. మరునాడే మెరవణి.

సాయంత్రం అయిదు గంటలకు గుడి ముందర బావను పూలదండలతో, తలకు చుట్టిన జరీ పేటాతో నా పక్క సీట్లో కూర్చోబెట్టారు. ముందర బ్యాండు, దాని వెనకాల చిందులేస్తూ ఎగిరేవాళ్లు, వాళ్ల వెనకాల నా కారు, నా వెనకాల ఆటోలో అవ్వ. మా ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది: పెండ్లికొడుకు ఎక్కిన బండి ఛత్రం చేరేదాకా మధ్యలో ఆగకూడదు. ఎద్దులబండ్ల కాలం నుంచీ ఆగలేదట. బ్యాండువాళ్లేమో అడుగు తీసి అడుగు వేస్తున్నారు. నేను క్లచ్చు వదిలాను. కారు మూడు కుదుపులు కుదిపి ఆగిపోయింది. వెనక ఆటోలోంచి అవ్వ గొంతు వినబడింది. "ఒకటి."

రెండోసారి బావ పేటా కళ్ల మీదికి జారింది. మూడోసారి దండ తెగింది. నాలుగోసారి కారు కింద నుంచి మాడు వాసన వచ్చింది, ఎగిరేవాళ్లు ముక్కులు మూసుకుని పక్కకు జరిగారు. బావ పేటా సర్దుకుంటూ పళ్ల సందునుంచి, "ఏమిరా, పెండ్లి కాకముందే నా ఎముకలు ఇరగ్గొడతావా?" అన్నాడు. "కొత్త క్లచ్చు బావా" అన్నాను. "పాతది ఏం పాపం చేసిండాది?" అన్నాడు. అవ్వ ఆటో ఆపించి, "ఇంగొకసారి నిలిచిందంటే నేను ఊరికి పోతాండా. ఈ పెండ్లి నేను చూడలేను" అని అందరికీ వినబడేటట్టు చెప్పింది. ఆ మాటకు, కారు పక్కన నడుస్తున్న నాయన తలెత్తి నన్ను చూశాడు. నాకు ఆయన ముఖం కనబడలేదు, పేరేసంద్ర స్థలమే కనబడింది.

నిలవకూడదు అంతే కదా. మెల్లగా పోతే నిలుస్తుంది, వేగంగా పోతే నిలవదు. హారను నొక్కి యాక్సిలరేటరు తొక్కాను. బ్యాండువాళ్లు డప్పులతో సహా రెండు పక్కలకూ చీలిపోయారు. బావ రెండు చేతులతో అద్దం పట్టుకుని కులదేవతను తలుచుకున్నాడు. నిమిషంలో ఛత్రం ముందర ఉన్నాం. అక్కడ పన్నీరు లేదు, హారతి లేదు. పెండ్లికూతురి మేనమామ ఒక్కడు బనియన్‌తో మెట్ల మీద కూర్చుని కాఫీ తాగుతున్నాడు. మమ్మల్నిద్దర్నీ ఎగాదిగా చూసి, "ఏమప్పా, అంత ఆత్రమా?" అన్నాడు. హారతి ఇవ్వకుండా లోపలికి పోకూడదు, పెండ్లికొడుకు లేని మెరవణి ఇంకా సగం దారిలోనే ఉంది. ఇరవై అయిదు నిమిషాలు అక్కడే కారులో కూర్చున్నాం. బావ ఒక్క మాట అన్నాడు: "ఆటోలో వచ్చింటే బాగుండు." అయిదోసారి నిలవకుండా తెచ్చినందుకు ఒక్కరంటే ఒక్కరు మెచ్చుకోలేదు. ఎవరో తీసిన వీడియో మాత్రం ఈనాటికీ బావ పెండ్లిరోజు వచ్చిందంటే చాలు, ఫ్యామిలీ గ్రూపులో వస్తుంది.

నాయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది. మూడోనాడు అంగట్లో, "ఆ స్థలంలో గడ్డి ఈ ఏడాదికి అట్లే ఉండనిద్దాంలే" అన్నాడు. నేను గోదాములోకి పోయి సిమెంటు మూటల వెనకాల కూర్చుని ఏడ్చాను. సిగ్గులేకుండా చెబుతున్నాను, బాగా ఏడ్చాను. తర్వాత కళ్లు తుడుచుకుని చిక్కబళ్లాపురం పోయాను. గ్రీజప్ప తాపీగా అటక మీది మూట దించాడు. ఆ నిదానానికి మళ్లీ ఒళ్లు మండి, "నేనే బిగిస్తా, నువ్వు చెయ్యి పెట్టొద్దు" అన్నాను. ఆయన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. గేరుబాక్సు దించి, పాత ఫ్లైవీలు ఎక్కించి, ప్లేటు మధ్యకు సరిచూసి మళ్లీ బిగించేసరికి రెండు రోజులు పట్టింది. కారు కింద నుంచి బయటికి వస్తే గ్రీజప్ప పక్కన ఇంకో స్టూలు మీద నాయన ఉన్నాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో నాకు తెలియదు.

"చింతామణికి పోదాం పా" అని ఎక్కాడు. ఇల్లు ఇంకా చాలా దూరం ఉందనగా టమోటాల ట్రాక్టరొకటి అడ్డం తగిలింది. దాటబోతే నాయన చెయ్యి అడ్డం పెట్టి, "దాటొద్దు. దాని వెనకాలే పో" అన్నాడు. స్పోర్ట్స్ కారు వేసుకుని ట్రాక్టరు వెనకాల పోవడం ఎంత అవమానమో మీరే ఆలోచించండి. సైకిళ్లు మమ్మల్ని దాటిపోయాయి. హంపులొచ్చాయి, గొర్రెలొచ్చాయి, ట్రాక్టరు డ్రైవరు ఒకచోట చుట్టంతో మాట్లాడుతూ నడక వేగానికి దిగాడు. కారు ఒక్కసారి కూడా నిలవలేదు, కుదపలేదు. మార్కెట్టు గేటు దగ్గర ట్రాక్టరు లోపలికి తిరిగింది. నాయన కళ్లద్దాలు తుడుచుకుంటూ, "గడ్డోళ్లకు చెప్తాలే, తీసేయమని" అన్నాడు.

ఇప్పుడు పేరేసంద్రలో ఆ గ్యారేజీలోనే కూర్చుని ఇది రాస్తున్నాను. పోయిన వారం ఒక కుర్రాడు తన కారుకు రేసు క్లచ్చు, తేలిక ఫ్లైవీలు వెయ్యమని వచ్చాడు. "ఇంట్లో పెండ్లికి ఎవురైనా ఉండారా?" అని అడిగాను. వాడికి అర్థం కాలేదు. మెల్లగా పోయేటప్పుడు కష్టమని చెప్పాను. "మెల్లగా ఎవురు పోతారన్నా?" అన్నాడు. ఆ ముఖంలో ఉన్న పొగరు ఎవరిదో నాకు బాగా తెలుసు, దాని మీద ఎంత కోపం తెచ్చుకుందామన్నా రాలేదు. కొత్తవి బిగించి, పాత ఫ్లైవీలు తుడిచి, ప్లేటుతో కలిపి నూనె గుడ్డలో చుడుతుంటే వాడు చిరాకుపడ్డాడు. "పారెయ్యన్నా, నాకింక వాటితో పనేముండాది?" అన్నాడు.

"ఉండనీలే అప్పా" అని మూట అటక మీద పెట్టాను.