ఫ్రిజ్ వెనక కోడిపిల్లలు

డిగ్రీ పట్టా చేతికొచ్చిన ఆ రోజుల్లో, నాకు తెలియని సంగతి ఏదైనా ఉందంటే అది తెలుసుకోదగ్గది కాదని నా గట్టి నమ్మకం. తరిగొప్పుల దగ్గరి మా ఊళ్ళో నన్ను వకీలమ్మ అనేవాళ్ళు (చదివింది భౌతికశాస్త్రమే, పేరు మాత్రం నోరు చూసి పెట్టారు). నేను వరంగల్ వెళ్ళి ఎమ్మెస్సీ చదువుతానని, బాపేమో బీఎడ్ చేసి బడిపంతులమ్మవు కమ్మని. ఈ పోరు నడుస్తుండగానే చలి ముదిరింది. అమ్మ పెంచుదామని తెప్పించిన కోడిపిల్లలు కొట్టంలో వణకసాగాయి.

చలికాలం పొద్దున బోరు నీళ్ళు గోరువెచ్చగా ఉంటాయని ఊరందరికీ తెలుసు. పైన ఎంత చలి ఉన్నా లోపలి నేల తన వేడిని వదులుకోదు కాబట్టి అలా ఉంటాయని చెప్పగలిగింది మాత్రం నేనే.

"చలిదేశాలల్ల భూమిల పైపులేసి, గా వేడితోని ఇండ్లకు ఇండ్లే వెచ్చగ చేస్తున్నరు బాపు. మన కొట్టమెంత?"

బాపు తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు. "సరే, చెయ్యి. అన్నీ బతికితే వరంగల్. ఒక్కటి సచ్చినా బీఎడ్. మల్ల లొల్లి పెట్టద్దు."

పైపును కొట్టం నేలమీద జిలేబీలా చుట్టి, పైన ఊక పోసి, ఒక కొస బోరుకు తగిలించాను. నీళ్ళు బయటికి పోవాల్సిన రెండో కొసను చాయ్ తాగొచ్చి విప్పుదామని మూసే ఉంచాను. మరిచింది ఒక్కటే, ఆటో స్టార్టర్. పొలం కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు మోటారును దానంతటదే నడిపించే ఆ డబ్బా మా దగ్గర ప్రతి బోరుకూ ఉంటుంది. నేను నింపాదిగా చాయ్ తాగుతుంటే కరెంటు వచ్చింది. నీళ్ళు ఒక్క తన్ను తన్నేసరికి జిలేబీ పాములా లేచి పగిలింది. కొట్టమంతా చెరువు.

"ఓ వకీలమ్మా! కోళ్ళను సాదుమంటే బాతులను చేస్తున్నవా?" అమ్మ కేక.

తడిసిన పిల్లలను గంపలో వేసి ఇంట్లోకి తెచ్చాం. పొడిబట్ట కోసం అమ్మ అటు తిరిగిందో లేదో గంప ఖాళీ. వెతికితే అన్నీ ఫ్రిజ్ వెనక, వెచ్చటి నల్లజాలీకి ఆనుకుని, కళ్ళు మూసుకుని కునుకు తీస్తున్నాయి. ఒక్కటీ తగ్గలేదు.

"చూసినవా బాపు! లోపలి వేడిని గుంజి ఎనకకు తోసుడే ఫ్రిజ్ పని. గట్లనే భూమిల వేడిని గుంజి, ఇంకింత పెంచి, ఇంట్లకు తోసే మిషన్ ఉంటది. నా పైపుకు గదొక్కటే తక్కువైంది!"

"బతికిచ్చింది ఫ్రిజ్. నువ్వు ముంచినవ్."

"అన్నీ బతికితే అన్నవ్ గని, ఎవలు బతికియ్యాల్నో అన్నవా?"

బాపు ఖాళీ గంపను తీసి మూలకు పెట్టాడు. తర్వాత అమ్మతో అన్నాడు: "దీని బట్టలు సర్దు. గీమె పంతులమ్మయితే పొల్లగాండ్లు బడి ఇడిసి పారిపోతరు."

ఇప్పుడు మహబూబాబాద్‌లో కాలేజీ పిల్లలకు పాఠాలే చెబుతున్నాను (ఎవరూ పారిపోలేదు, తలుపు దగ్గర నేనే నిలబడతాను). మా ఇంటి కొత్త ఫ్రిజ్‌కు వెనక జాలీ లేదు, వేడి పక్కల నుంచి వస్తుంది. చలి పొద్దుల్లో పాలు తీసి, తలుపు మూసి, అరచెయ్యి కాసేపు ఆ వెచ్చటి పక్కకు ఆనిస్తాను. "ఫ్రిజ్‌తోని ఏం ముచ్చట?" అంటాడు మా ఆయన. ఆయనతో నేను వాదించని సందర్భం అదొక్కటే.