దక్షిణపు గది తలుపు కొట్టినదెవరు

గురునాథరావు గారు భిలాయి ఉక్కు కర్మాగారపు కార్యాలయంలోని రికార్డు విభాగంలో ముప్పై మూడు సంవత్సరాలు పనిచేశారు. అందులో పంతొమ్మిది సంవత్సరాలు ఆయన బల్ల పక్కనే నా బల్ల ఉండేది. వచ్చిన ఉత్తరానికి నకలు తీయడం, తేదీ వేయడం, తేదీల వరుసలో దస్త్రంలో చేర్చడం ఆయన పని. టైపు యంత్రాలు వచ్చిన తరువాత కూడా కొన్ని ఉత్తరాల నకళ్ళను అధికారులు ఆయన చేతనే రాయించేవారు. “గురునాథరావు నకలు తీస్తే అసలు చూడనక్కరలేదు” అనే మాట మా విభాగంలో నలుగురు అధికారులు మారినా మారలేదు. ఆయనకు పదోన్నతులు పెద్దగా రాలేదు. సెక్టర్ 6లో రెండు గదుల క్వార్టరు, ఒక సైకిలు, ఈ మాట, ఇవే ఆయన సంపాదించుకున్నవి. 1994 మార్చి నెలాఖరున పదవీ విరమణ చేయవలసి ఉండగా, దానికి ముందటి వేసవిలో ఆ మాటకే చిక్కు వచ్చింది. ఆ చిక్కు కార్యాలయపు కాగితం వల్ల కాక ఒక దయ్యం కథ వల్ల రావడం విచిత్రం.

ఆ కథ సంగతి చెప్పడానికి పదేళ్ళు వెనక్కి పోవాలి. అప్పట్లో భయానక నవలలకు గోపాలస్వామి అనే రచయిత పెట్టింది పేరు. ఆయన సీరియళ్ళు వచ్చే తెలుగు వారపత్రికలు మాకు భిలాయిలో సక్రమంగా దొరికేవి కావు. గురునాథరావు గారి బామ్మర్ది సింహాద్రి విజయనగరంలో ఉండేవాడు. అతడు పత్రికల్లోంచి గోపాలస్వామి పుటలను కత్తిరించి, నెలకొక కవరులో అక్కగారికి పంపేవాడు. అక్క నూకమ్మ గారికి చదువు రాదు. భర్త చదివి వినిపిస్తే ఎంతటి దయ్యం కథనైనా వింటారు గాని, దయ్యం బొమ్మ కంటపడితే మాత్రం ఆ పూట ఆవిడకు అన్నం సహించదు. అందుచేత సింహాద్రి ప్రతి భాగానికీ పై భాగాన ఉండే బొమ్మను, దానితోపాటు పేరును కూడా కత్తెరతో తీసివేసి, మిగిలిన పుట మీద పెన్సిలుతో పత్రిక తేదీ వేసి పంపేవాడు. కథ పేరు ‘దక్షిణపు గది’ అని మొదటి కవరులోని ఉత్తరంలో ఒక్కసారి రాశాడు.

పత్రిక కాగితం నలుగురి చేతుల్లో నలిగితే నిలవదు. కాబట్టి గురునాథరావు గారు ఆ పుటలను ఒక పెద్ద రిజిస్టరులో తమ గుండ్రని అక్షరాలతో నకలు తీశారు. తేదీల వరుసలోనే తీశారు. వారానికి రెండు తేదీలతో రెండు భాగాలు వచ్చేవి. వారపత్రిక వారానికి రెండుసార్లు ఎలా వస్తుందని ఆయన అడగలేదు. పక్కనే కూర్చున్న నేనూ అడగలేదు. పాఠకుల ఒత్తిడి మీద రెండేసి భాగాలు వేస్తున్నారని అనుకున్నాం. కథ మధ్యలో ఒకచోట ‘సమాప్తం’ అని ఉండి, ఆ తరువాత కూడా కథ నడిచింది. దానిని ముద్రణా దోషంగా భావించి, ఆ మాటను యథాతథంగా రాసి, పక్కన చిన్న ప్రశ్నార్థకం పెట్టారు.

ఆ రిజిస్టరు పదేళ్ళపాటు క్వార్టరు నుంచి క్వార్టరుకు తిరిగింది. అందులో వాసవి అనే పంతులమ్మ ఒక పాత బంగళాలో అద్దెకు దిగుతుంది. ఎక్కడో ఏరు సముద్రంలో కలిసే ఏటి మొగలో మునిగిపోయిన భాగ్యరేఖ అనే స్త్రీ, తడి చీరతో ఊళ్ళ వెంట నడుస్తూ తన దీపం కోసం తలుపులు తడుతుంది. నూట పదహారో పుట చివర భాగ్యరేఖ నీళ్ళు కారే చేయి ఎత్తి ఒక తలుపు కొడుతుంది. నూట పదిహేడో పుట మొదట వాసవి దక్షిణపు గది తలుపు చప్పుడు విని లేచి వచ్చి తెరుస్తుంది. ఆ రెండు పుటల మధ్య మా సెక్టరులో ఊపిరి బిగబట్టనివారు లేరు. వారిద్దరూ అక్కచెల్లెళ్ళని కొందరు, ఒకే మనిషి రెండు జన్మలని కొందరు ఆదివారాలు గురునాథరావు గారి వసారాలో వాదించుకునేవారు.

1993లో ఆ నవలను సినిమాగా తీశారు. మే నెలలో దాని వీడియో క్యాసెట్టు సుపేలా బజారులోని ఒక దుకాణానికి వచ్చింది. రోలింగు మిల్లులో ఫిట్టరుగా పనిచేసే రాజాబాబు ఆదివారం మధ్యాహ్నానికి టీవీ, వీసీఆర్ అద్దెకు తెచ్చాడు. గురునాథరావు గారి ముందు గదిలో ఇరవై మందిమి ఇరుక్కుని కూర్చున్నాం. నూకమ్మ గారు మాత్రం వంటగది గుమ్మంలో, తెరకు వీపు పెట్టి కూర్చుని విన్నారు.

గంటన్నర గడిచింది. వాసవి ఉంది, బంగళా ఉంది, దక్షిణపు గది ఉంది.

“ఏటిది బాబాయ్? భాగ్యరేఖేదీ?” అన్నాడు రాజాబాబు.

“తొందరపడకు నాయనా. ఆమె నడిచి రావాలి గదా” అన్నారు గురునాథరావు గారు.

“ఏటి మొగ కాడ్నించి బయలుదేరి ఇంకా మన పక్కనున్న కుమ్హారి ఊరు కూడా దాటనట్టుంది” అని ఎవరో వెనకనుంచి అంటే అందరూ నవ్వారు.

తలుపు చప్పుడైంది. వాసవి తెరిచింది. గుమ్మంలో ఎవరూ లేరు. ఎండుటాకులు రెండు లోపలికి వచ్చాయి. ఆ తరువాత ఇరవై నిమిషాలకు సినిమా అయిపోయింది.

గదిలో ఒక్కసారిగా గోల పుట్టింది. ఇక్కడే పుట్టి పెరిగి, తెలుగు కంటె హిందీ బాగా మాట్లాడే అరుణకుమారి లేచి నిలబడింది. పక్క క్వార్టరు పిల్ల, బడిలో పాఠాలు చెప్పేది. తెలుగు చదవడం ఆమె ఆ రిజిస్టరుతోనే నేర్చుకుంది.

“అరే భయ్యా, ఇది ఆధా సినిమానే. దూస్రా క్యాసెట్టు దుకాణంలో ఉండిపోయింది. నువ్వు అడగలేదు కదూ?”

“నాను అడగనేదా? ఒకటే అన్నాడు దీదీ.”

ఆమె కంటె పదేళ్ళు పెద్దవాడైనా రాజాబాబు వేళాకోళానికి ఆమెను అక్కను పిలిచినట్టు దీదీ అనేవాడు. అయినా అనుమానం తీరక ఎండలో సైకిలు తొక్కుకుంటూ సుపేలా వెళ్ళాడు. ముప్పావు గంటకు చెమటలు కక్కుతూ తిరిగి వచ్చాడు. రెండో క్యాసెట్టు లేదట. సినిమావాళ్ళు కథను పాడుచేశారని సగం మంది, సెన్సారు వారు భాగ్యరేఖను కోసివేశారని సగం మంది తేల్చారు. అప్పుడు మా తెలుగు సంఘం కార్యదర్శి పరబ్రహ్మం గారు రిజిస్టరు తెరిచి, ‘సమాప్తం’ పక్కనున్న ప్రశ్నార్థకం మీద వేలు పెట్టారు.

“గురునాథరావు గారూ, ఏమీ అనుకోకండి. సినిమాలో తగ్గిందా, మీ నకలులో ఎక్కువయిందా?”

గురునాథరావు గారు రిజిస్టరును తమ వైపు తిప్పుకుని ఆ ప్రశ్నార్థకాన్ని చూశారు. ముప్పై రెండు సంవత్సరాలలో ఆయనను ఆ ప్రశ్న అడిగినవారు లేరు. “రచయితగారికే రాసి తెలుసుకుందాం. నా నకలులో ఒక్క వాక్యం ఎక్కువని ఆయన అంటే, ఈ వసారాలోనే అందరి ముందూ ఒప్పుకుంటాను” అన్నారు.

ఆ రాత్రి మాట నాకు తెలియదు గాని, మరునాడు కార్యాలయానికి వచ్చినప్పుడు ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నూట పది నుంచి నూట ఇరవై వరకు పుటలను మళ్ళీ నకలు తీసి, ‘అసలుతో సరిచూడబడినది’ అని కింద సంతకం చేసి తెచ్చారు. ఉత్తరం ముసాయిదా నాకు చూపించారు. “సదరు చలనచిత్రంలో భాగ్యరేఖ పాత్ర పూర్తిగా విడిచిపెట్టబడుటకు గల కారణములు తెలియజేయ ప్రార్థన” అని ఉంది. పత్రిక చిరునామాకు రిజిస్టర్డు తపాలాలో పంపారు.

జవాబు ఆగస్టులో వచ్చింది. దానిని ఆయన నాకు కార్యాలయంలో, బల్ల సొరుగు చాటున చూపించారు. నాలుగు వాక్యాలు: “మీ చేతిరాత ముచ్చటగా ఉన్నది. కాని మీరు రాసినది నా రెండు నవలల కలగలుపు. ‘దక్షిణపు గది’ ఒక వారపత్రికలోను, ‘ఏటిమొగ దీపం’ మరొక వారపత్రికలోను ఒకే కాలంలో వచ్చాయి. వాసవికీ భాగ్యరేఖకూ పరిచయం లేదు.”

“ఒక్క అక్షరం తప్పు రాయలేదండీ నేను” అన్నారు గురునాథరావు గారు. “ఒక్క అక్షరం. తేదీలు కూడా సరిగ్గానే వేశాను. మరి తప్పు ఎక్కడుందంటారు?”

తేదీల వరుసే కదా మా ఇద్దరికీ తెలిసిన వరుస.

ఇంట్లో నూకమ్మ గారికి ఆ ఉత్తరం రెండుసార్లు చదివి వినిపించారట. ఆవిడ, “అయితే పదేళ్ళు నాకు సదివి ఇనిపించినది ఎవలి కతండీ?” అన్నారట. తమ్ముడిని మాత్రం ఒక్క మాట అననివ్వలేదు. “ఆడు నా కోసవే బొమ్మలు కత్తిరించినాడు” అన్నారట. ఉత్తరాన్ని దాచిపెట్టడం కష్టమేమీ కాదు. మరొక ఏడు నెలలు గడిస్తే ఆయన పదవీ విరమణ చేస్తారు. చేసిన పనికి మచ్చ లేదని అందరూ పూలదండ వేస్తారు. ఈ సంగతి నేనే ఆయనకు సూచించాను. ఆయన నా వైపు చూసిన చూపుకు ఆ రోజంతా తల ఎత్తలేకపోయాను.

ఆదివారం వసారాలో అందరి ముందూ నిలబడి ఉత్తరం చదివారు. చదివి, “నకలు తప్పు. తప్పు నాది” అన్నారు.

రాజాబాబు తల గోక్కున్నాడు.

“అది కాదు బాబాయ్. రాసి పదేళ్ళయింది గదా, ఆయన మరిసిపోనాడేమో.”

“రాసినవాడు ఎలా మరిచిపోతాడయ్యా?”

“మా మేస్త్రీ నిన్న బిగించిన బోల్టు ఇయాల మరిసిపోతాడు. ఇన్ని నవలలు రాసినోడికి ఏ దయ్యం ఏ ఊరిదో గురుతుంటాదా? నీ రిజిస్టరులో రాతపూర్వకంగా ఉంది.”

అవునవునన్నారు అందరూ. ఆయన నకలునే నమ్మి రచయితను అనుమానించారు. వేలు పెట్టి చూపించిన పరబ్రహ్మం గారు కూడా, “ఆ రోజు నేనే తొందరపడ్డాను, క్షమించండి. గురునాథరావు గారి నకలే ప్రమాణం” అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. తాను చేయని తప్పును చేయలేదని నిరూపించుకోవడం గురునాథరావు గారికి తెలుసు. చేసిన తప్పును చేశానని నమ్మించడం ఎలాగో ఆయనకు ఏ దస్త్రంలోనూ కనిపించలేదు. వాదించారు, తేదీలు చూపించారు, ‘సమాప్తం’ చూపించారు. అది ముద్రణా దోషమని వాళ్ళే ఆయనకు నచ్చజెప్పారు.

చివరకు కలం తీసి రిజిస్టరు మొదటి పుట మీద ఇలా రాశారు: “ఇందులో రెండు వేర్వేరు నవలలు పొరపాటున కలిసినవి. భాగ్యరేఖ ఈ బంగళాకు ఎన్నడూ రాలేదు. పొరపాటుకు నకలుదారుడే బాధ్యుడు.” కింద పూర్తి పేరు, హోదా, తేదీ వేసి సంతకం చేశారు. మిగిలినవారు టీ తాగి వెళ్ళిపోయారు.

ఆ వారం రిజిస్టరు తీసుకోవలసిన వంతు అరుణకుమారిది. ఆమె ఆ మొదటి పుటను గుమ్మంలో నిలబడి, పెదవులు కదుపుతూ నెమ్మదిగా చదివింది.

“అంకుల్, ఇది కథలో మొదటి పేజీనా?”

“కాదమ్మా. అది కథ కాదు. నిజం.”

“సచ్? భాగ్యరేఖ రానేలేదా?”

“రాలేదు.”

ఆమె రిజిస్టరు మూసి, మళ్ళీ తెరిచి, నూట పదిహేడో పుట తీసింది. ఆమె ముఖం మారడం నేను చూశాను.

“భాగ్యరేఖ వచ్చిందంటే నాకు భయమే గాని, పాపం దీపం కోసం వచ్చిందిలే అనుకునేదాన్ని. ఆమె కూడా కాకపోతే, మరి తలుపు కొట్టిందెవరు అంకుల్?”

గురునాథరావు గారు నా వంక చూశారు. నేను వాకిలి వంక చూశాను. లోపల నూకమ్మ గారు గిన్నెలు కడగడం ఆపారు.

“రచయితగారికి రాసి అడుగుతాను” అన్నారాయన.

రాశారు కూడా. నేను తపాలాలో వేశాను. దానికి జవాబు రాలేదు.