యాకూబన్న కడిగిన ఫ్లాస్కు

మా వరంగల్ ఫార్మసీ ల్యాబులో గాజుసామాను కడిగే యాకూబన్న ఈ రోజు నా రెండు రోజుల పనిని తళతళా తోమేశాడు. ఫ్లాస్కులో నేను ఆరబెట్టుకున్న తెల్లటి పొరను సబ్బు మరక అనుకున్నాడట. కోపంగానే వెళ్లాను. అది సబ్బు జాతిదే గానీ, నీళ్లు పోస్తే కంటికి కనిపించనంత చిన్న బుడగలవుతుందనీ, ఆ బుడగలు మందును కడుపులో పెట్టుకుని జబ్బున్న చోటికే మోసుకుపోవాలన్నది మా ప్రయత్నమనీ చెప్పాను.

ఆయన చేతిలో బ్రష్షు ఆగింది. "అంటే సారూ, మా ఇంటామె క్యాన్సర్ మందు సుత గడ్డకాడికే పోతదా? ఒళ్లంత తిరిగి వాంతులు చెయ్యదా?"

"ఇంకా ఎలుకలకే ఇవ్వలేదన్నా."

"ఫికర్ లేదు. జర జల్ది చేయుండ్రి" అంటూ ఇంకో ఫ్లాస్కు కడిగి, వెలుతురుకు పట్టి చూసి ఇచ్చాడు.

రెండు రోజులు పోయాయని తిట్టడానికి వెళ్లినవాణ్ని, ఇంకా ఎన్నేళ్లు పడుతుందో చెప్పలేక వచ్చాను. మీరైతే ఏం చెప్పేవారు?