సామ్యూల్ సీటు ఎత్తు

నిజామాబాద్ నుంచి బోధన్‌కు సైకిల్ మీద వెళ్లాలని నాకు బుద్ధి పుట్టడానికి అసలు కారణం కుళ్లు. నా భార్య తమ్ముడు సామ్యూల్, నేను హైదరాబాద్‌లో జరిగే ట్రయథ్లాన్‌కు తయారవుతున్నాం. ఈత, సైకిల్, పరుగు ఒకదాని వెంట ఒకటి చేయాలి. ఒకే దుకాణంలో ఒకే రకం గేరు సైకిళ్లు కొన్నాం. అయినా ఎప్పుడూ వాడే ముందు. ఇంట్లో రోజూ తమ్ముడి పొగడ్తే. ఒక్కసారైనా వాడికంటే ముందు బోధన్‌లో అత్తగారింటి గడప తొక్కాలి, అంతే.

తెల్లవారి ఆరింటికి బయలుదేరాం. దారంతా చదును, తీరిగ్గా తొక్కినా గంటన్నర. చెరకు సీజనులో ట్రాక్టర్లు వరసగా వస్తాయి, మీరూ ఈ దారిన వెళితే పక్కకు ఉండండి. ఎడపల్లిలో టీకి ఆగాం. వాడి వేగమంతా ఆ సీటు ఎత్తులోనే ఉందని నా అనుమానం. సామ్యూల్ ముఖం కడుక్కోవడానికి హోటల్ వెనక్కి వెళ్లగానే, పక్కన ఆగిన ట్రాక్టర్ డ్రైవర్‌ను అడిగి ఒక చెరకు గడ తీసుకున్నాను. వాడి సైకిల్ పెడల్ నుంచి సీటు దాకా ఆనించి, నా సంచిలోని పానా కొసతో గాటు పెట్టాను. నా సీటును ఆ గాటు దాకా లేపి బిగించాను.

"తింటవా, కొలుస్తవా అన్నా?" అన్నాడు డ్రైవర్.

మొదట బ్రహ్మాండం. సామ్యూల్ వెనకబడ్డాడు. ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. పెడల్ కిందికి పోయినప్పుడల్లా నడుము అటూ ఇటూ ఊగింది, మునివేళ్లతో అందుకోవలసి వచ్చింది, మోకాలి వెనక నరం లాగేసింది. బోధన్ పొలిమేరలో పరుగు సాధనకని దిగి పరుగెత్తబోతే కాలు నిలవలేదు. ఇక పోటీలో ఏం పరుగెత్తుతాను, నా మొహం!

సామ్యూల్ వచ్చి నా సీటు చూశాడు, సంచిలోంచి నిక్కుతున్న గడనూ గాటునూ చూశాడు. నవ్వలేదు.

"గది నా కాళ్ల కొలత బావా. నీయి నాకంటె పొట్టి గద."

పానా తీసుకుని తనే సీటు దించాడు. పెడల్ అడుక్కు పోయినప్పుడు దాని మీద మడమ పెడితే కాలు నిటారుగా రావాలట. మీరు వెళ్లేటప్పుడు పానా ఒకటి వెంట పెట్టుకుని, మీ మడమతోనే కొలుచుకోండి.

"పోయిన నెల నేను గూడ గిట్లనే చేసిన," అన్నాడు బిగిస్తూ. "నీ ఈత సూసి కుళ్లుకోని నీ లెక్కనే చేతులు ఊపిన. భుజం పట్టేసింది."

నా ఈర్ష్య పోయిందని చెప్పను. వాడూ నన్ను చూసి ఏడ్చాడని తెలిసి కడుపు చల్లబడింది, అంతే. గడను మోకాలికి వేసి విరిచి సగం నాకిచ్చాడు. నములుతూ, సైకిళ్లు నడిపించుకుంటూ వెళ్లాం. గడపలో మాత్రం గబుక్కున నేనే ముందు కాలు పెట్టాను. అత్తమ్మ నా భుజం మీదుగా వీధిలోకి చూసింది.

"సామ్యూల్ ఏడి, రాలేదా?"