తలుపు గడియ పెట్టి అడిగిన ప్రశ్న

కుప్పంలో నా ఓపీ గదిలోకి మొన్న ఒకావిడ రాగానే ఆముదం వాసన గుప్పుమంది. ఆమె సంచిలో సీసా మూత వదులైనట్టుంది. ఆ వాసన తగిలితే చాలు, నేను మళ్ళీ మదనపల్లెలో వసుంధర మేడం వెనక నిలబడి ఉంటాను. గర్భసంచి జారిన ఆడవాళ్ళకు ఆపరేషన్లు చేసే పెద్ద డాక్టరు ఆవిడ. నేను పని నేర్చుకోవడానికి చేరిన చిన్న డాక్టరును. అప్పటికి నాలో డాక్టరు లక్షణం చేతిరాత ఒక్కటే.

ఒకరోజు పుంగనూరు నుంచి మహబూబ్‌బీ అనే ఆమె భర్తతో వచ్చింది. రవికెలు కుట్టే మనిషి, గర్భసంచి జారింది. నేను పాఠం అప్పజెప్పినట్టు "మలవిసర్జన సాఫీగా అవుతోందా?" అన్నాను. ఆమె నేలకేసి చూసింది. "బాగానే అవుతాది మేడం" అని భర్త జవాబిచ్చాడు! మేడం ఆయన్ను "టీ తాగి రాప్పా" అని పంపించి, తలుపు గడియ పెట్టి, కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. "దొడ్డికి పోయేటప్పుడు ముందు దారిలో వేలు పెట్టి నొక్కితేనే వస్తాందా అమ్మా?" అని, రాగుల ధర అడిగినంత మామూలుగా అడిగారు.

మహబూబ్‌బీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మీకెట్ల తెలుసమ్మా? మా ఆయనకే తెలీదు."

"నీకొక్కదానికేనా? చానామందికి ఉండాది. ఎవురూ చెప్పరు, అంతే."

ఇక మాట ఆగలేదు. మలబద్ధకమనుకుని ఎన్నేళ్ళుగానో ఆముదం తాగుతోందట. కుప్పంలో కూతురింట్లో ఒక్క రాత్రీ ఉండలేదట. "ఆడ ఒకటే బాత్రూము. గంటసేపు నేను లోపలుంటే అల్లుడేమనుకుంటాడు? మనవరాలు నన్ను సూస్తే కొత్త మనిషిని సూసినట్టు ఏడుస్తాదమ్మా."

యోనికీ పెద్దపేగు చివరికీ మధ్యనున్న గోడ వదులై ఉబ్బితే, మలం అందులో చిక్కుకుంటుంది. మేడం దాన్ని ఆమె భాషలో చెప్పారు. "జేబు సాగిపోతే పడేదంతా దాంట్లోనే పడతాది గదా. ఆముదం తాగితే జేబు బిగుస్తాదా? నేను బిగించి కుడతా. చానామందికి సుఖంగా ఉంటాది, అందరికీ అని మాత్రం చెప్పను. నువ్వు ముక్కడం మానాల, నీళ్ళు తాగాల."

ఆపరేషన్‌లో నా పని దీపం సర్దడం, మేడం మోచేతికి అడ్డం రావడం. జారిన గర్భసంచిని పైకి నిలిపి, వెనక గోడను మేడం పొరపొరగా కుట్టారు. వార్డులో మహబూబ్‌బీ నన్ను ఎగాదిగా చూసి, "కుట్లు నువ్వేసినావా, పెద్దమ్మేసిందా?" అంది. పెద్దావిడే అన్నాను. "బతికినా!" అంది. కుట్టుపని తెలిసిన మనిషి. నొచ్చుకోవడానికి నాకు ఎక్కడా సందు దొరకలేదు.

రౌండ్స్‌లో మేమంతా "తిన్నావా?" అంటే, మేడం "పోయిందా?" అనేవారు. పోలేదు. కుట్లు తెగుతాయన్న భయంతో మహబూబ్‌బీ తిండే మానేసింది. మేడం మలం మెత్తబడే మందిచ్చి, మంచం పక్కన కూర్చుని, తినిపించినంత పని చేశారు. మర్నాడు బాత్రూము తలుపు దబాలున తెరుచుకుంది.

"అమ్మా! పోయింది! వేలు పెట్టలేదమ్మా!"

"మెల్లగా చెప్పు, బయట మగోళ్ళుండారు."

"ఇననీలేమ్మా!"

కొన్ని నెలల తర్వాత చూపించుకోవడానికి ఆమె కుప్పం నుంచి వచ్చింది, మనవరాలిని ఎత్తుకుని. "బరువులెత్తొద్దంటిని గదా!" అని మేడం కసిరారు. "ఇదేం బరువమ్మా?" అంది మహబూబ్‌బీ. పిల్ల నిద్రలో ఆమె మెడ చుట్టూ చేతులు బిగించింది.

నా కుట్లు ఇప్పటికీ మేడం కుట్లంత చక్కగా ఉండవు. తలుపు గడియ పెట్టి అడిగే ఆ ప్రశ్న మాత్రం కళ్ళు దించుకోకుండా అడగగలను. దానికి నాదొకటి కలుపుకున్నాను: "బాగైతే మొదట ఎవరింటికి పోతావమ్మా?" ఇంతవరకు ఎవరికీ ఆలోచించాల్సిన పని పడలేదు, జవాబు నాలుక చివరే ఉంటుంది.